చేతిసంచి

ముందుగాల పెద్ద లైబ్రరీ ఒకటి దించుకున్న.
దానెంబడి ఇంకో ముప్పై ఆరు వచ్చినయి,
మేడారం పోయే ఎడ్లబండి లెక్క:
గిన్నెలు, గొంగళ్లు, కోళ్లు, దూరపు చుట్టాలు.
నేను అడగాల్సిందేమో ఒక్క మాట.
ఇయ్యాల ఎనుమాముల యార్డుల
తేజ మిర్చి క్వింటాలు ఎంత?

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీది గది.
ఎస్ మీట ఊడిన పాత ల్యాప్‌టాప్.
ఫోన్ హాట్‌స్పాట్ మీద చుట్టాలందరు దిగేసరికి
చాయ సల్లారింది, డేటా సగమైంది.

అన్నీ తీసేసిన.
చిన్నదొకటి దొరికింది. ఒక్కటే ఫైలు.
పన్నెండు కేబీలు.
మా అక్క పెండ్లిపత్రిక ఫొటో దీనికన్న నూరింతలు బరువు.
ఎవరు రాసిన్రో తెల్వదు,
పైన రెండు లైన్లు మాత్రం పెట్టి పోయిన్రు:
"అడుగుతది, తెస్తది.
ఇంకేం రాదు దీనికి."

ఇంకేం రాదని రాసుకునే ధైర్యం
ఎంతమందికి ఉంటది.

దీని పని నాకు ఎరికే.
చిన్నప్పుడు నానమ్మ నన్నే పంపేది.
పోయి అడిగి రా అంటే గెట్,
ఇచ్చి రా అంటే పోస్ట్.
చేతిసంచి, అందుల చీటీ,
దారిల ఎవలన్న ఆపితే చెప్పాల్సిన మాట
"పోశక్క మనుమరాలిని",
అదే హెడర్.

నాలుగు లైన్లు రాసిన. నడిపిన.
కర్సరు మిణుకు మిణుకుమంటాంది.
ఒక నిమిషం. పది.
అన్నం తిని వచ్చిన, ఇంకా అట్లనే ఉన్నది.
తెల్లారి లేచి చూస్తే
రాత్రంతా అక్కడ్నే నిలబడ్డది,
సర్కారు సర్వరు గడప ముంగట, సంచి పట్టుకొని,
కూసోమన్నోడు లేక, పొమ్మన్నోడు లేక.

తప్పు దానిది కాదు.
ఎంతసేపు చూడాల్నో నేను చెప్పలే.
చెప్పకుంటే అది ఎప్పటిదాకనైనా చూస్తదట.

ఆ పొద్దే యార్డుకు పోయిన.
గేటు కాన్నుంచే దగ్గు.
గూడూరు దిక్కు నుంచి వచ్చిన బానోతు ఈర్యా
పందొమ్మిది బస్తాల మీద
పండుకోవట్టి రెండు రాత్రులాయె.
కాయల తేమ ఉన్నదని ఒకలు,
కాంటా ఖాళీ లేదని ఒకలు,
జర ఆగుమని అందరు.
ఎంతసేపో ఎవ్వలు చెప్పలే.

హమాలీ ఓదెలు అటు పోతా ఇటు వస్తా,
వీపు మీద నలభై కిలోలు, దవడకు తంబాకు,
"చెప్పరు బిడ్డా,
చెప్తే మనం పోతం గద" అన్నడు.

షెడ్డు మెట్ల మీదనే ల్యాప్‌టాప్ తెరిచిన.
ఒక్క మాట చేర్చిన: టైమౌట్, పది సెకన్లు.
దాని కింద ఇంకోటి:
మూడుసార్లు అడుగు, నడుమ నడుమ దమ్ము తీసుకో,
మూడోసారి కూడా పలుకకుంటే తిరిగొచ్చి
పలుకలేదనన్న చెప్పు.

రెండోసారికి పలికింది.
నేను గట్టిగనే అన్నట్టున్న,
"రెండొందలు వచ్చింది!"
ఈర్యా దిగ్గున లేచి కూసున్నడు.
"తగ్గిందా, పెరిగిందా?"

ఎట్ల చెప్పాలె.
రెండొందలంటే వాళ్ల భాషల
అంతా సక్కగున్నదని,
సక్కగున్నది అంటే
అడిగినదానికి జవాబు అందిందని, అంతేనని.

లోపల ఇంకో అంకె ఉన్నది, జెండా పాట ధర.
చదివి చెప్పిన.
ఆయన నవ్వలే, కోపం చెయ్యలే,
బస్తా మూతి విప్పి ఒక కాయ తుంచి
నా అరచేతిల పెట్టిండు.
"అది జెండాకు.
దీనికెంతనో అడుగు."

దీని అడ్రసు ఏ సర్వరుల లేదు.
నాలుగొందల నాలుగు అని
నేను అనలే.

మాపటికి కాంటా అయింది.
ఎంతకు పోయిందో ఇక్కడ రాయ.

రాత్రి ఆ చిన్న ఫైలు మళ్ల తెరిచిన.
చేతులకు ఇంకా ఘాటు ఉన్నదన్న సోయి లేక
కండ్లు తుడుచుకున్న.
మంట తగ్గినంక, మసక మసకగనే,
ఎవరో పెట్టి పోయిన ఆ రెండు లైన్ల కింద
మూడోది రాసిన:

"ఎంతసేపు చూడాల్నో చెప్పి పంపుండ్రి."